పురుగులకు వాము నీళ్ళు

ఆ రోజుల్లో ఎమ్మిగనూరులో మా వీధి ఆడపిల్లలకు వేసవి సెలవులంటే మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టడమే. నేను మాత్రం బి.ఎస్సీ. రెండో ఏడు సెలవుల్లో రోజూ పొద్దున్నే బస్సెక్కి ఆదోనికి, పత్తి పురుగుల మీద పరిశోధన చేసే ల్యాబుకు పోయేదాన్ని. "రైతులు వాటిని సంపల్యాక సస్తాంటే నువ్వు సాకేదానికి పోతాండావా?" అన్నాడు నాన్న. అసలు సంగతేమిటంటే, నెల రోజులు బుద్ధిగా పనిచేస్తే ఎమ్మెస్సీకి సిఫారసు ఉత్తరం రాసిస్తానని ల్యాబు సార్ మాటిచ్చారు. ఆ ఉత్తరం తెస్తే గానీ పైచదువు మాటెత్తవద్దని నాన్న షరతు.

నాకు అప్పగించినవి ముప్పై పచ్చపురుగులు, పత్తికాయ తొలిచే రకం. ఒకచోట ఉంటే ఒకదాన్నొకటి తినేస్తాయట, అందుకని ముప్పై గాజు సీసాల్లో ముప్పై కాపురాలు. రోజూ ప్రతిదానికీ బెండకాయ ముక్క మార్చి, నిన్నటిది ఎంత తిన్నదో నోటుపుస్తకంలో రాయాలి. మొదటిరోజు చీదరతో పట్టకారును చేయంత దూరంలో పట్టుకున్నాను. వారం తిరిగేసరికి సీసాకు ముక్కు ఆనించి చూస్తున్నాను. నిన్న ఆకుపచ్చగా ఉన్నది ఇవాళ గోధుమరంగుకు ఎందుకు తిరిగింది? విడిచిన చర్మాన్ని తనే ఎందుకు తింటుంది? బస్సులో కూడా అవే ఆలోచనలు.

సార్ కర్నూలుకు పోయిన రోజే ఏడో నంబరు తినడం మానేసింది. మరునాటికి ఇంకో ఆరు. ఇంటికొచ్చి ఏడ్చాను. అమ్మ మగ్గం మీద తెగిన పోగు అతుకుతూ తల కూడా ఎత్తలేదు. "తినకుంటే కడుపుబ్బరం ఉంటాది. నీకు పోసినట్లే వాము నీళ్ళు పొయ్యి." (బి.ఎస్సీ. చదివే నేను ఆ మాట నమ్మానని ఎవరికీ చెప్పకండి.) మర్నాడు వాము కషాయం పట్టుకుపోయి, ఏడింటికీ బెండముక్క మీద రెండేసి చుక్కలు వేశాను. పుస్తకంలో రాశాను కూడా: 'వాము నీళ్ళు, రెండు చుక్కలు.' మధ్యాహ్నానికి అవి ముడుచుకుపోయి, సీసా అడుగున పిచ్చిగా తిరగసాగాయి. 'గుణం లేదు' అని రాసి, సార్ చూస్తే ఉత్తరం గల్లంతేనని ఆ పేజీ చింపబోయాను.

సీసాలు కడిగే పెద్దావిడ, మేమంతా ఖాలా, అంటే పిన్నీ అనేవాళ్ళం, నా చేయి పట్టుకుంది. "ఏందిది బేటీ, వాము వాసనొస్తాంది?" చెప్పాను. కింద చతికిలబడి నవ్వింది. "అరె, వాటికి రోగం యాడిది? తినేది అయిపోయినాది. మట్టిలో దూరి గూడు కట్టుకునే పొద్దొచ్చింది. మట్టి కోసరం ఎతుకులాడతాండాయి." ఆమె పోసిన పొడిమట్టిలోకి ఏడూ తలదూర్చి మాయమయ్యాయి. "కాగితం మాత్రం సింపొద్దు. పురుగు సచ్చినా సార్ ఊరుకుంటాడు గానీ, రాసింది సింపితే ఊరుకోడు."

సార్ వచ్చి ఆ పేజీ రెండుసార్లు చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ ఏడింటినీ వేరే వరసలో పెట్టమ్మా. వాము తాగినవాటికి రెక్కలు ఎట్లొస్తాయో నాకూ చూడాలనుంది." అన్నిటిలాగే వచ్చాయి. ఉత్తరంలో 'ఈ అమ్మాయి తన తప్పును కూడా రాసిపెడుతుంది' అని రాశారు. నాన్న దాన్ని చదివించుకుని, "ఇది పొగుడుతాండాడా, తిడతాండాడా?" అని అడిగి, సరే పొమ్మన్నాడు.

ఇప్పుడిదంతా ఎందుకంటే, మూడు రోజులుగా మా పాప రాగిజావకు నోరు తెరవలేదు. అది ఎప్పుడేం తిన్నదో రాసుకునే పుస్తకమొకటి నా దగ్గరుంది (నవ్వకండి). ఈ సాయంత్రం వాము నీళ్ళ గిన్నెతో ఒడిలో పడుకోబెట్టుకుంటే నా వేలు చటుక్కున కొరికింది. చూస్తే చిగురు మీద తెల్లగా, బియ్యపు నూకంత పన్ను! ఆ నీళ్ళు నేనే తాగేశాను. పాప నిద్రపోయాక పుస్తకంలో రాశాను: 'వాము నీళ్ళు, ఒక గిన్నె. తల్లికి గుణం కనిపించింది.'