రెండు మస్టర్ల ఆదివారం

ఒకే ఒక్క మాటతో బడిని నింపి, అదే మాటతో బడిని ఖాళీ చేసి, చివరకు ఆ మాట కోసమే బడి ముందు ధర్నా చేయించుకున్న టీచర్ని మీరు ఎక్కడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి, అది నేనే. పేరు వసంత. ఇప్పుడంటే కాస్త బుద్ధి వచ్చింది గానీ, ఈ ఘనకార్యం చేసేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు. చేతిలో డీఎడ్ పట్టా, బుర్రలో మూడు రోజుల ట్రైనింగు. రెండిట్లో ట్రైనింగే ఎక్కువ ప్రమాదకరమని అప్పుడు తెలియదు.

మాది వరి పొలాల ఊరు. బొగ్గు గూడ్సు బండిలో పోతుంటే చూడటమే తప్ప, బొగ్గు తవ్వే మనుషుల మధ్య ఎప్పుడూ మెలగలేదు. గోదావరిఖనిలో గని కార్మికుల కాలనీని ఆనుకుని ఉన్న ప్రాథమిక పాఠశాలకు వచ్చిన మొదటి రోజే నా అజ్ఞానం బయటపడింది. అఖిల అనే నాలుగో తరగతి పిల్లను దింపడానికి వచ్చిన వాళ్ల నాన్న మల్లేశం నన్ను పలకరించాడు.

"కొత్త మేడమా? ఎట్ల వచ్చిన్రు?"

"బదిలీ మీద వచ్చిన అన్నా."

ఆయన ముఖం జాలితో నిండిపోయింది. "అయ్యో, బదిలీనా? ఫికర్ చెయ్యకుండ్రి. నేను గూడ నాలుగేండ్లు బదిలీ జేసిన. మస్టర్లు నిండితె వాళ్లే పర్మినెంట్ చేస్తరు."

గనిలో బదిలీ అంటే రానివాళ్ల స్థానంలో పనిలోకి దిగే తాత్కాలిక కార్మికుడని, మస్టర్ అంటే ఒక రోజు హాజరు అని తర్వాత తెలిసింది. నేను పర్మినెంటు ఉద్యోగినేనని ఆయన్ని నమ్మించడానికి పది నిమిషాలు చెప్పాను. నమ్మలేదు. మర్నాడు కాలనీ ఆడవాళ్లు "పాపం, బదిలీ మేడం" అని ఒక సొరకాయ పంపారు. మొహమాటం లేకుండా వండుకుని తిన్నాను. ఇక్కడ నేననే మాట వేరు, వీళ్లకు వినపడే మాట వేరు అని ఆ సొరకాయ తిన్నప్పుడైనా నాకు తట్టాలి. తట్టలేదు.

ఇక అసలు కష్టానికి వస్తాను. మా బడిలో పిల్లలు పంతొమ్మిది మంది. రోజూ పొద్దున్నే ప్రైవేటు బడుల పసుపు వ్యాన్లు కాలనీలో తిరిగి, టైలు కట్టుకున్న పిల్లలను ఊడ్చుకుపోయేవి. ముప్పై మంది లేకపోతే మా బడిని పెద్దరోడ్డు అవతలి బడిలో కలిపేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. ఆ రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు ఆగకుండా తిరుగుతాయి. పెద్దవాళ్లమే చెయ్యి అడ్డం పెట్టి, దేవుణ్ణి తలుచుకుని దాటుతాం. ఒకటో తరగతి పసివాళ్లు ఎట్లా దాటుతారు? దాటరు, బడి మానేసి ఇంట్లో కూర్చుంటారు. అది తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

మా ప్రధానోపాధ్యాయురాలు సుగుణ మేడం సరిగ్గా అప్పుడే కూతురి కాన్పుకని సెలవు పెట్టారు. పోతూ పోతూ నాకు బడి తాళాలు, ఒక హెచ్చరిక ఇచ్చారు.

"వసంతా, ఆఫీసర్ వస్తె రిజిస్టర్ సూడడు, తలకాయలు లెక్కబెడ్తడు. చేర్పించుడు ఒక ఎత్తు, చేరినోళ్లను నిలుపుకొనుడు ఇంకో ఎత్తు. నేను వచ్చేదాక కొత్త ప్రయోగాలు చెయ్యకు."

ఆమె ఎక్కిన ఆటో సందు తిరిగిందో లేదో నేను ప్రయోగం మొదలుపెట్టాను.

పెద్ద చార్టు తీసుకుని మధ్యలో గీత గీసి, ఒకవైపు 'చేర్చుట', ఇంకోవైపు 'నిలుపుట' అని రాశాను. వాటి కింద ఏం రాయాలో తెలియక గులాబీ పువ్వు వేశాను. పువ్వుకు ఆకులు వేస్తుండగా ట్రైనింగులో విన్నది గుర్తొచ్చింది. ఆటలుంటే పిల్లలు వద్దన్నా బడికి వస్తారట. సరే, ప్రతి ఆదివారం ఆటలు పెడదాం అనుకున్నాను. మొదట 'ఆటల రోజు' అనే రాశాను. పసుపు వ్యాను మీద అంత ఇంగ్లీషు ఉంటే మన కాగితం మీద ఒక్క ముక్కైనా ఉండొద్దా అనిపించి, కొట్టేసి మళ్లీ రాశాను: 'మా బడిలో చేరిన ప్రతి ఒక్కరికీ ప్రతి ఆదివారం ప్లే డే.'

ఒక కాగితం బడి గేటుకు, ఒకటి కాలనీ కిరాణా కొట్టుకు అంటించాను. గంట తిరగకముందే మల్లేశం వచ్చాడు. రెండో షిఫ్టుకు పోతూ, టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని మరీ వచ్చాడు.

"మేడం, గీ ప్లే డే ముచ్చట నిజమేనా?"

"నిజమే అన్నా."

"అందరికా, కొందరికేనా?"

"అందరికీ."

"ఒకటో తరగతోళ్లకు గూడనా?"

"వాళ్లకే ముందు."

ఆయన ఒక అడుగు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మస్టర్లు గూడ లెక్క ప్రకారమే పడ్తయి గద?"

మస్టర్ అంటే హాజరని అప్పటికి నేర్చుకున్నాను కదా, ఆ చదువంతా చూపించాను. "అన్నీ లెక్క ప్రకారమే పడ్తయి అన్నా. ఒక్కటి గూడ తక్కువ గాదు."

"మా బాయిల గూడ ఇంత ఇజ్జత్ లేదు మేడం" అని దండం పెట్టి వెళ్లిపోయాడు. బాయి అంటే వాళ్ల గని. ఆటలకు దండం పెట్టిన మొదటి తండ్రిని చూసి నేను మురిసిపోయాను.

వారంలో మా బడి పంతొమ్మిది నుంచి ముప్పై నాలుగుకు ఎగబాకింది. ఇద్దరైతే నడుస్తున్న ఏడాదిలో ప్రైవేటు బడి టీసీలు పట్టుకుని వచ్చారు. ఆదివారం బడి కిటకిటలాడింది. ఖోఖో, తొక్కుడుబిళ్ల, క్యారంబోర్డు. మధ్యాహ్న భోజనం వండే రాజవ్వ, సెలవైనా వచ్చి పిల్లలకు శనగ గుడాలు ఉడకబెట్టింది. నేను ముప్పై నాలుగు హాజర్లు వేసుకుని, ఉత్తమ ఉపాధ్యాయురాలి శాలువా ఏ రంగులో ఉంటే బాగుంటుందా అని ఆలోచిస్తూ ఇంటికి వెళ్లాను.

సోమవారం ఏడుగురు వచ్చారు.

ఆడి ఆడి అలిసిపోయారని సర్దిచెప్పుకున్నాను. మంగళవారం నుంచి మళ్లీ అందరూ వచ్చారు. రెండో ఆదివారం మళ్లీ కిటకిట. ఆ సోమవారం ఐదుగురే వచ్చారు. వెంటనే కాలనీలోకి పరుగెత్తాను. మా పిల్లలంతా సందులో గోలీలాడుతున్నారు. ఒక్కరి ముఖంలోనూ తప్పు చేసిన జాడ లేదు.

"అఖిలా, బడికెందుకు రాలేదు?"

అఖిల లేచి నిలబడి ఎంతో మర్యాదగా చెప్పింది. "నిన్న ప్లే డే జేసినం గద మేడం. రెండు మస్టర్లు పడ్డయి. ఇయ్యాల రెండో మస్టర్ వాడుకుంటున్నం."

"రెండో మస్టరేంది?"

"మీరే మా నాయినతోని అన్నరట, అన్నీ లెక్క ప్రకారం పడ్తయని."

బడికి తిరిగొచ్చి రాజవ్వను అడిగాను. ఆమె భర్త ముప్పై ఏళ్లు గనిలో పనిచేసి పోయాడు. నా మాట వినగానే చేతిలో గరిట పక్కన పెట్టి, కడుపు పట్టుకుని నవ్వింది.

"ఓ బిడ్డా, ప్లే డే అంటె ఆటలనుకున్నవా? బాయిల ఆదివారం డ్యూటీని ప్లే డే అంటరు. ఒక్క రోజు పోతె రెండు రోజుల లెక్క. దానికోసం మొగోళ్లు కొట్లాడుకుంటరు. నువ్వేమో అందరికి ఇస్తనని గోడకు రాస్తివి."

"నువ్వు ముందే చెప్పొచ్చు గద అవ్వా?"

"నాకు సదువొస్తదా? నువ్వేదో ఆటలు పెడ్తున్నవనుకున్న."

సరిగ్గా ఆ నిమిషంలో సుగుణ మేడం ఫోను. "వసంతా, ఆఫీసర్ రేపు పొద్దున వస్తున్నడట. పిల్లలు మంచిగ వస్తున్నరు గద?"

"మస్తుగ వస్తున్నరు మేడం" అన్నాను. ఏ రోజు వస్తున్నారో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఫోను పెట్టేసి గేటు దగ్గరికి పరుగెత్తాను. పాత కాగితం చించేసి కొత్తది అంటించాను: 'ప్లే డే రద్దు చేయడమైనది. రెండో మస్టర్ ఇవ్వబడదు. అందరూ రేపు తప్పక రావలెను.' ఒక తప్పును దిద్దడానికి నేను చేసిన ఇంకా పెద్ద తప్పు ఇదే. బొగ్గు బావుల మీద ప్లే డే రద్దు అని కాగితం అంటిస్తే ఏమవుతుందో పుట్టినప్పటి నుంచి ఆ కాలనీలో ఉన్న కుక్కకు కూడా తెలుసు. నాకు తెలియదు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి గంట కొట్టాను. ఒక్క పిల్లా లోపలికి రాలేదు. పది నిమిషాలకు గేటు బయట నుంచి వినిపించింది.

"ప్లే డే రద్దు!"

"చెల్లదు, చెల్లదు!"

బయటికి వచ్చి చూద్దును కదా, కాలనీ అంతా అక్కడే ఉంది. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు మల్లేశం, కళ్ల చుట్టూ బొగ్గు కాటుక పెట్టినట్టుంది. ఆయన గేటు పక్క దిమ్మె మీద నిలబడ్డాడు. ముందు పిల్లలంతా వరుసల్లో కింద కూర్చున్నారు. నా క్లాసులో ఒక్కనాడు కూడా అంత బుద్ధిగా కూర్చోలేదు.

"మల్లేశమన్నా, లోపటికి పంపుండ్రి. ఇయ్యాల ఆఫీసర్ వస్తున్నడు."

"రానియ్యుండ్రి మేడం. ఆయన ముంగటనే తేల్చుకుందం."

అనుకున్నంతా అయింది. జీపు వచ్చి గుంపు ముందు ఆగింది. ఆఫీసరు దిగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. నా ఉద్యోగం, బడి, ఆ టిప్పర్ల రోడ్డు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి.

"ఏంది మీ డిమాండు?" అన్నారాయన.

మల్లేశం చేతులు కట్టుకుని చెప్పాడు. "మా పోరగాండ్లకు ఆదివారం గూడ బడి గావాలె సార్. మొదలు ఇస్తమన్నరు. ఇప్పుడు రద్దు అంటున్నరు."

ఆఫీసరు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"నా సర్వీసుల సెలవు గావాల్నని ధర్నా చేసినోళ్లనే జూసిన" అన్నారాయన మెల్లగా. "ఆదివారం బడి గావాల్నని చేసేటోళ్లను ఇప్పుడే జూస్తున్న." ఆ మాట అని, కూర్చున్న వరుసల వెంట నడుస్తూ వేలితో తలలు లెక్కపెట్టారు. చివరి వరుస దగ్గర ఆగారు.

"రిజిస్టర్ల ముప్పై నాలుగే అన్నరు. ఇక్కడ ముప్పై ఏడు మంది ఉన్నరేంది?"

ఆ వరుసలో టైలు కట్టుకున్న ముగ్గురు లేచి నిలబడ్డారు. "మేము వ్యాన్ బడి సార్. సపోర్టుకు వచ్చినం."

ఆఫీసరు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దగ్గు అనుకున్నాను, నవ్వు.

తర్వాత రెండో తరగతి గదిలో చర్చలు జరిగాయి. ఒక బెంచీ మీద మల్లేశం, అఖిల. ఇంకో బెంచీ మీద నేను, ఒక్కదాన్నే. మధ్యలో ఆఫీసరు. రెండో మస్టర్ ఇస్తే సోమవారం బడి ఉండదు, ఇవ్వకపోతే ఏ రోజూ బడి ఉండదు. ఎటూ తెగలేదు. చాయ్ తెచ్చిన రాజవ్వ గ్లాసులు పెడుతూ అంది.

"దీనికెందుకు సార్ ఇంత లొల్లి? బాయిల గూడ వారమంత నాగా లేకుంట పోయినోనికే గద ప్లే డే ఇచ్చేది. గట్లనే పెట్టుండ్రి. సోమవారం నుంచి శనివారందాక మస్టర్లు నిండినోళ్లకే ఆదివారం ఆటలు, గుడాలు. మస్టర్ మాత్రం ఒక్కటే."

గని మర్యాదకు మల్లేశం ఎట్లా ఎదురు చెబుతాడు? అఖిల మాత్రం ఊరికే వదలలేదు. "గుడాలు రెండు గంటెలు వెయ్యాలె" అంది. ఒప్పుకున్నాను. ఆఫీసరు ఒప్పందం తెల్లకాగితం మీద రాయించి, అందరి చేత సంతకాలు పెట్టించారు. జీపు ఎక్కుతూ, "ఈ బడిని నేనెక్కడ కలపాలె? కలిపితె అక్కడ గూడ ధర్నా జేస్తరు" అన్నారు.

నిలుపుట అని రాసి నేను గులాబీ పువ్వు వేసిన చోట రాజవ్వ మాట రాశాను. ఆ వారం నుంచి నాగాలు లేవు. జ్వరం వచ్చిన పిల్లలను కూడా "ఇంటికి పోరా నాయనా" అని బతిమాలి పంపాల్సి వచ్చేది. సపోర్టుకు వచ్చిన ముగ్గురూ టైలు విప్పేసి మా దగ్గరే చేరారు. ఒకటో తరగతి వాళ్లు ఎవరూ పెద్దరోడ్డు దాటనక్కర్లేకపోయింది. సుగుణ మేడం సెలవు నుంచి వచ్చి, సంగతంతా విని, నన్ను తిట్టడానికి నోరు తెరిచారు. నవ్వు వచ్చి తిట్టలేకపోయారు.

నేను పర్మినెంటునని మల్లేశానికి మాత్రం అప్పటికీ నమ్మకం కుదరలేదు. ఆ నెలాఖరున అఖిలను దింపడానికి వచ్చినప్పుడు గేటు దగ్గర ఆగి, నన్ను ఎగాదిగా చూశాడు.

"మేడం, కాలనీలోళ్లమంత అనుకున్నం. ఇగ మీరు బదిలీ గాదు. ఇయ్యాల్టి నుంచి పర్మినెంటు."

ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చిన ఉద్యోగం ఆ రోజే వచ్చినట్టు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి సొరకాయలు రెండు వచ్చాయి. లెక్క ప్రకారమే.

కాబట్టి ఎర్రబడిన నా చెవుల సాక్షిగా, ముప్పై ఏడు తలల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో రాజవ్వకు చదివి వినిపించకుండా గోడకు ఒక్క కాగితం కూడా అంటించను. 'ఆటలు' అని రాయాల్సి వస్తే ఆటలు అనే రాస్తాను. ఈ ప్రమాణం తప్పిన రోజున నా మస్టర్ కొట్టేయమని అఖిలకు పెన్ను కూడా ఇచ్చి ఉంచాను.