పెదనాన్న టర్బో బండి నా చేతిలోనే ఎందుకు ఆగేది

మా ఇంట్లో పెళ్ళయినా పేరంటమైనా, నలుగురు భోజనాలకి కూర్చోగానే మా తమ్ముడు ఎత్తుకునే కథ ఒకటుంది. "అక్కకి పాత టర్బో బండి బాగుచేయాలని పిచ్చి పట్టింది. అందులో ఉన్నవి పీకింది, లేనివి తగిలించింది. తీరా వంతెన మీద ఆగిపోతే స్టీరింగ్ పట్టుకుని ఏడ్చింది. నాన్న బాగుచేసి ఇంటికి తెచ్చాడు." అందరూ నవ్వుతారు, ఇంకో గరిటె పులిహోర వేయించుకుంటారు. కథ చెప్పేవాడు ఆ రోజు వంతెన మీద లేడు, ఏదో గ్రౌండులో క్రికెట్ ఆడుతున్నాడు. నేను ఏడవలేదు. నా కళ్ళలోకి వెళ్ళింది డీజిల్ పొగ. నాన్న బండి బాగుచేయడం సంగతి అటుంచి, సీటు దిగి కిందికే రాలేదు. ఇన్నేళ్ళూ పులిహోర మీది గౌరవంతో ఊరుకున్నాను. ఇక ఊరుకోను.

ఆ రోజుల్లో బండి ఆగిపోతే అందరూ ముందు ఇంజిన్ వైపు చూసేవారు కాదు, నడుపుతున్నది ఎవరా అని చూసేవారు. మగవాడైతే బండిలో లోపం, ఆడపిల్లయితే ఆడపిల్లలో లోపం. (ఇప్పుడు మారిపోయిందని మీరంటే, ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని మారేడ్‌పల్లి సిగ్నల్ దాకా రండి.) నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, ఇంటర్ పిల్లలకి పాఠాలు చెబుతూ, ప్రపంచంలో దేనికైనా కారణం ఉంటుందని, అది నాకు తెలుస్తుందని గట్టిగా నమ్ముతున్న వయసు.

బండి మా పెదనాన్నది. మిలిటరీలో చేసి వచ్చి సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్న మనిషి. టర్బో డీజిల్ కారంటే వీధిలో పిల్లలు వెంటపడి చూసేవారు. మామూలు ఇంజిన్ తనకు చాలినంత గాలి పీల్చుకుంటుంది. టర్బో ఉన్నది పొగ పోయే ఊపుతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఇంకా ఎక్కువ గాలిని లోపలికి లాగి కుక్కుతుంది. ఆ చక్రం తిరిగేటప్పుడు సన్నగా ఈల వేస్తుంది. పెదనాన్న బండి వీధి మలుపులో ఈల వేయగానే పెద్దమ్మ లోపల టీకి నీళ్ళు పెట్టేది. ఆయన గేటు తీసి, చెప్పులు విప్పి లోపలికి వచ్చేసరికి టీ తయారు. ఆయన పోయాక బండి షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది. ఎలుకలు సీట్లలో కాపురాలు పెట్టాయి. ఒకరోజు పెద్దమ్మ తాళాలు నా చేతిలో పెట్టి, "బాగుచేసుకుంటే నీదేనే. ఒక్కసారి మా వీధి మలుపులో ఈల వినిపించు, చాలు" అంది.

నాన్నకి ఇది నచ్చలేదు. "పాత ఇనుముకి పూజలేంటి" అన్నాడు. అన్నాడే కానీ అడ్డుపడలేదు, గడువు పెట్టాడు. దసరాల ముందు ఆదివారం తను పక్క సీట్లో కూర్చుంటాడు. మారేడ్‌పల్లిలో మా ఇంటి నుంచి సైనిక్‌పురిలో పెద్దమ్మ గేటు దాకా నేను ఎక్కడా ఆగకుండా నడపాలి. దారిలో ఎక్కడైనా బండి మొరాయించిందో, సోమవారం పాత ఇనుము కొనే ఆయన లారీతో వస్తాడు. ఆయనకి నాన్న అప్పటికే మాటిచ్చేశాడని తర్వాత తెలిసింది. కూతురి మీద అంత నమ్మకం.

బండిని నేను సీతాఫల్‌మండిలో ఒక మేస్త్రీకి అప్పజెప్పాను. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు కనక వీధంతా ఆయన్ని డాక్టరనే పిలిచేది. నేను సాయంత్రాలు, సెలవు రోజులు అక్కడే. కుళ్ళిన రబ్బరు గొట్టాలు మార్చాం. డీజిల్ ట్యాంకు దింపి కడిగాం. ఇంజిన్ గాలి పీల్చే మూతిని కప్పి ఉంచి, దుమ్ము వడకట్టే పాత గాలిపెట్టె తుప్పు పట్టి చిల్లులు పడితే నేనే తీసేయించాను. దాని బదులు, ముందు జాలీ వెనక నుంచి చల్లగాలి నేరుగా అందేలా పిడికిలి పట్టేంత వెడల్పు గొట్టం డిజైన్ చేశాను. డాక్టరు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగనే ఉంది బిడ్డా, గని కంపెనీవాళ్ళు పిచ్చోళ్ళా, డబ్బా పెట్టిండ్రు?" అన్నాడు. కంపెనీవాళ్ళ గురించి నాకున్న అభిప్రాయాన్ని పది నిమిషాలు చెప్పాను. "సరె తీ" అని గొట్టం చేయించాడు. టర్బో ఎంత గాలి తోస్తోందో చూపించే చిన్న ముల్లు గడియారం కూడా డాష్‌బోర్డు మీద పెట్టించాను. ఆ ముల్లే నా ప్రాణాలు తోడేసింది.

గొట్టం మాత్రం, బండిని తాడు కట్టి లాగించుకొచ్చి, ఇంటిదగ్గరే బిగించాను. అమ్మ రెండు చేతులతో పట్టుకుని నిలబడితే నేను క్లాంపు తిప్పాను. "అమ్మా, బండి ఊపిరి తీసుకునేది ఇదిగో, ఈ మూతిలోంచే. ఎంత పీలిస్తే అంత పరుగు" అని పాఠం కూడా చెప్పాను. "అంత పరుగు ఎందుకే?" అంది అమ్మ. నేను వినిపించుకోలేదు. మర్నాడు బండి మొదటిసారి స్టార్టయింది. అమ్మ బొట్లు పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది, బానెట్ ఎత్తించి లోపల ఎర్రదారంతో నల్లగుడ్డ మూట ఒకటి వేలాడదీసింది. పటిక, ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు. దిష్టి మూట. ఇంజిన్‌కి దిష్టేంటని నేను వాదించాను. అమ్మ వాదించలేదు, ముడి ఇంకాస్త గట్టిగా వేసింది.

అప్పటి నుంచి మొదలైంది. ఊళ్ళో మెల్లగా తిరిగినంతసేపు బండి బుద్ధిమంతురాలు. కాస్త ఎత్తు ఎక్కుదామని కాలు నొక్కానా, ఈల మొదలవుతుంది, ముల్లు పైకి లేస్తుంది, నా గుండె దానితోపాటే లేస్తుంది, అంతలో ఎవరో గొంతు నొక్కినట్టు ఈల తెగిపోయి ముల్లు దబ్బున పడిపోతుంది. వెనక నల్లటి పొగ. బండి నడుచుకుంటూ పోయేవాళ్ళకన్నా నెమ్మదిస్తుంది. దిగి బానెట్ ఎత్తి చూస్తే ఇంజిన్ ఏమీ ఎరగనట్టు గుడగుడలాడుతూ ఉంటుంది. లోపలంతా సవ్యం. గొట్టాలు బిగువుగా ఉన్నాయి, మూట తన దారానికి తాను వేలాడుతోంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాడు. బానెట్‌లో చేయిపెట్టి ఏవో సర్దాడు. తను నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. బండి ఈల వేసుకుంటూ ఎత్తంతా ఎగిరి దాటింది, ముల్లు నిక్కబొడుచుకుని నిలబడింది. "ఏమున్నది బిడ్డా ఇండ్ల, ఫస్ట్ క్లాస్ ఉంది" అని, బానెట్ ఇంకోసారి ఎత్తి దించి, నా చేతికిచ్చాడు. ఇంటికొస్తూ మళ్ళీ ఎత్తులో ఆగిపోయింది. మళ్ళీ తీసుకెళ్ళాను. డీజిల్ ఫిల్టర్ మార్చాం. టర్బో గొట్టాలకి సబ్బు నీళ్ళు పూసి గాలి ఎక్కడన్నా పోతోందేమో చూశాం. మూడోసారి టర్బోనే విప్పి ఇరుసు పట్టుకుని ఊపి చూశాం. ప్రతిసారీ అదే కథ. ఆయన నడిపితే గుర్రం, నేను నడిపితే గాడిద.

"ఫికర్ జేయకు బిడ్డా," అన్నాడు చివరికి, నన్ను నొప్పించకూడదని నేల వంక చూస్తూ, "నీ కాలు జెర భయంభయంగ పడుతున్నట్టుంది. బండికి సుత తెలుస్తది."

కాలు గురించి అప్పటిదాకా ఎవరూ నన్ను అలా అనలేదు. నోటి గురించి అన్నారు, అది వేరు. బండికి తెలియడమేంటని వాదించాను కానీ, ఆ రాత్రి నుంచి నాకే అనుమానం పట్టుకుంది. క్లాసులో వాయుపీడనం గురించి చెబుతూ బల్ల కింద కుడికాలు నొక్కి చూసుకునేదాన్ని, ఎక్కడైనా వణుకుతోందా అని. పిల్లలు ఏమనుకున్నారో తెలియదు. ఆదివారం దగ్గరపడుతున్నకొద్దీ అన్నం సహించడం మానేసింది. పాత ఇనుము ఆయన లారీ శబ్దం ఎప్పుడూ వినకపోయినా, వీధిలో ఏ లారీ వెళ్ళినా ఆయనదే అనిపించేది.

ఆదివారం రానే వచ్చింది. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, కోర్టుకి వెళ్తున్నవాడిలా పక్క సీట్లో కూర్చున్నాడు. గేటు దగ్గర అమ్మ "మెల్లగా వెళ్ళవే" అంది. మెల్లగానే వెళ్ళాను. సగం దారి దాకా నాన్న తప్పు పట్టడానికి ఏమీ దొరక్క కిటికీ అద్దం కిందికీ పైకీ తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత రైలు పట్టాల మీది వంతెన వచ్చింది. వెనక సిటీ బస్సు. కాలు నొక్కక తప్పలేదు. ఈల వచ్చింది, ముల్లు లేచింది, ముల్లు పడింది. నడి వంతెన మీద, నల్లటి పొగలో, బస్సు హారన్ మోగుతుండగా, బండి ఓ పక్కకి ఒదిగి నిలబడింది.

"సరే," అన్నాడు నాన్న మెల్లగా. అరిచి ఉంటే బాగుండేది. "నువ్వు చేయగలిగిందంతా చేశావు. ఇక చాల్లే."

"ఇంకొక్కసారి చూస్తాను నాన్నా. గేరు తీసేశాను, నువ్వు ఇటు జరిగి యాక్సిలరేటర్ నొక్కు. నేను బానెట్ ఎత్తి చూస్తాను."

"ఎంత నొక్కాలి?"

"నొక్కు, చాలు."

నాన్నకి డ్రైవింగ్ రాదు. వెనక బస్సు డ్రైవరు ఏదో అన్నాడు కూడా. ఆ కోపం, నా మీద కోపం, పెదనాన్న వదిలేసిపోయిన ఈ బండి మీద కోపం అన్నీ కలిపి ఒక్కసారిగా నేలకి అదిమాడు. ఇంజిన్ గావుకేక పెట్టింది. నా కళ్ళముందే, అన్ని రోజులూ బుద్ధిగా వేలాడిన నల్లగుడ్డ మూట కప్పలా ఒక్క గెంతు గెంతి, నా గొట్టం మూతిలో బిరడాలా ఇరుక్కుంది. ఈల తెగింది. పొగ వచ్చింది. నాన్న కాలు తీశాడు. మూట జారి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ దారానికి వేలాడింది.

ఇంజిన్ పీల్పు పెరిగినప్పుడే మూట ఎగిరి అతుక్కుంటోంది. నేను బానెట్ ఎత్తేసరికి జారిపోతోంది. పాత గాలిపెట్టె ఉండుంటే ఇదేదీ జరిగేది కాదు. (కంపెనీవాళ్ళకి ఆ ఒక్క విషయంలో క్షమాపణ.)

ఇక దాన్ని తెంపేస్తే సరి. నా చెయ్యి ముందుకు వెళ్ళలేదు. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఇంజిన్‌కి దిష్టేంటని అమ్మతో వాదించిన ఎమ్మెస్సీని, ఇన్ని వారాలూ ప్రతి నట్టూ విప్పాను, ఆ మూటని మాత్రం వేలితో ముట్టుకోలేదు.

"నాన్నా, అమ్మ కట్టిన మూట గొట్టానికి అడ్డం పడుతోంది. నువ్వు తీస్తావా?"

కిటికీలోంచి తల బయటపెట్టాడు. "నమ్మనిదానివి నువ్వేగా. నువ్వే తియ్యి."

"నువ్వూ నమ్మవుగా."

"నేను నమ్మను. మీ అమ్మకి భయపడతాను."

చివరికి తెంపలేదు. దారం కాస్త లాగి, మూటని బ్యాటరీ వెనక్కి దోపాను. బానెట్ వేసి కూర్చుని కాలు నొక్కాను. కళ్ళు మండుతున్నాయి, పొగవల్ల. ముల్లు లేచింది. పడలేదు. వంతెన దిగేదాకా నేనూ నాన్నా ఆ ముల్లు వంకే చూస్తూ కూర్చున్నాం. మధ్యలో రోడ్డు వంక కూడా చూశాను లెండి.

పెద్దమ్మ వీధి మలుపులో ఈల నిండుగా వచ్చింది. మేము గేటు తీసి లోపలికి వెళ్ళినా ఆవిడ బయటికి రాలేదు. వంటింట్లో ఉంది. టీ తయారుగా ఉంది. మూడు కప్పులు పోసి, గిన్నెలో ఇంకొక కప్పు మిగిలితే దాని వంక కాసేపు చూసి, నాన్నకే పోసేసింది. నాన్న రెండూ తాగాడు. సోమవారం లారీ రాలేదు.

మర్నాడు సీతాఫల్‌మండి వెళ్ళి డాక్టర్ని నిలదీశాను. "మూటనా? నా చేతులకు గ్రీజుంటది గద బిడ్డా. మీ అమ్మ గట్టిన చీజ్ ఖరాబ్ గావొద్దని, పని షురూ జేసేముందే బ్యాటరీ ఎనుక దోపుతుంటి. బండి నీకిచ్చేముందు మళ్ళ ఎట్ల ఉన్నదట్ల ఏలాడదీస్తుంటి." అదీ ఆయన చేతిలో గుర్రం రహస్యం. నా కాలు గురించి అన్నమాట వెనక్కి తీసుకోమన్నాను. తీసుకున్నాడు, చాయ్ కూడా తెప్పించాడు.

ఆ బండిని తొమ్మిదేళ్ళు నడిపాను. ఇప్పుడు నేను నడిపేది చప్పుడే లేని కారు, అందులో దేనికీ ఈల రాదు. మా అమ్మాయి మాత్రం తన స్కూటీని అతివేగంగా నడుపుతుంది. తను తాళం తిప్పగానే "మెల్లగా వెళ్ళవే" అని నా నోట్లోంచి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఎక్కడో విన్నట్టుందే అనుకుని నవ్వుకుంటాను. అప్పుడే నాకు ఆ క్లాంపు, రెండు చేతులతో గొట్టం మూతి పట్టుకుని శ్రద్ధగా నా పాఠం విన్న మనిషి గుర్తొస్తుంది. అమ్మకి డెబ్బై దాటాయి. చాలాసార్లు అడిగాను. అడిగినప్పుడల్లా "ఆ చిక్కుడుకాయలు ఇటియ్యి" అంటుంది, ఈనెలు తీస్తూ తల ఎత్తదు. మళ్ళీ అడుగుతున్నాను, ఈసారి అందరి ముందూ: అమ్మా, బానెట్ కింద అంత చోటుండగా, ఆ మూటని సరిగ్గా నా గొట్టం మూతి దగ్గరే ఎందుకు కట్టావు?