వెనక్కి నడిచే ఎద్దులు

నా చిన్నప్పుడు రాయకోట పక్కన ఉన్న మా చేనికి కరెంటు మోటారు లేదు, కపిల ఉండేది. ఇప్పటి పిల్లలకు ఆ మాటే తెలియదు కాబట్టి కాస్త విడమరిచి చెప్పాలి. బావి గట్టు నుంచి కిందికి వాలుగా ఒక బాట ఉంటుంది. బావి మీద గిలక, గిలక మీదుగా లావుపాటి మోకు. మోకు ఒక కొసకు ఇనప బాన, ఇంకో కొసకు ఎద్దుల కాడి. ఎద్దులు వాలులో కిందికి నడిస్తే బాన నిండుగా పైకి వచ్చి నీళ్లు కాలువలో పడతాయి. ఆ తరువాత ఎద్దులు వెనుదిరగవు. ముఖం పల్లానికే పెట్టుకుని, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ వాలు ఎక్కుతాయి. బాన మళ్లీ బావిలోకి దిగుతుంది. పొద్దున మొదలుపెడితే ఎండ ముదిరేదాకా ఇదే వరస.

ఎద్దులు దిగేటప్పుడు మోకు మీద కూర్చోవడం నా పని. మనిషి బరువు తోడైతే వాటికి లాగడం సులువవుతుంది. మా తాత ఎద్దులను తోలేవాడు. నేను మోకు మీద ఊగుతూ కిందికి దిగి, మళ్లీ గట్టు మీదికి పరుగెత్తేదాన్ని. అంత మంచి ఉయ్యాల ఊళ్లో ఇంకే పిల్లకూ లేదని నాకు గొప్ప మిడిసిపాటు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వంకాయ మడి ఎండిపోకుండా చూసుకోవాలని కపిల రోజూ ఆడింది, నేను బడికి తరచుగా ఎగనామం పెట్టాను. సరిగ్గా ఆ రోజుల్లోనే బడిలో సైన్సు పాఠాలు జరిగిపోయాయి. చలనం, బలం, పని, శక్తి అన్నీ నేను లేకుండానే అయిపోయాయి. ఏడాది చివర పరీక్షలో తప్పాను. నా జతగత్తెలు పై తరగతికి వెళ్లారు. నేను అదే తరగతిలో, నిన్నమొన్నటిదాకా నేను ముక్కు తుడిచిన పిల్లల పక్కన కూర్చోవాలి. అది తలచుకుంటేనే ప్రాణం పోయినట్టు ఉండేది. ఇక బడికి పోనని మొండికేశాను.

మా నాయన చెడ్డవాడు కాదు, పని ఒత్తిడిలో ఉన్న మనిషి. “పోకుంటే పోనీలే. కపిలకు ఒక మనిషి దొరికినట్టాయ” అన్నాడు. ఆ ఒక్క మాటతో నా చదువు ముగిసిపోయినట్టే అనిపించింది. నేను కోరుకున్నదే జరిగినా ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయాను.

మా సైన్సు టీచరమ్మది హోసూరు. రాయకోటలో ఒక గది తీసుకుని ఉండేది. బడి తెరిచాక నేను రాలేదని చూసి, ఒక ఆదివారం పొద్దున చెప్పులు చేత పట్టుకుని, మడి గట్ల మీద నడుస్తూ మా బావి దగ్గరికి వచ్చింది. ఆమెను చూడగానే నాకు బావిలో దాక్కుందామా అన్నంత సిగ్గేసింది. మా తాత ఎద్దులను ఆపి, “రాండమ్మా, ఎండన పడి వచ్చినారే. మజ్జిగ తాగండి” అని చెంబు అందించాడు. ఆమె తాగింది, గట్టు మీద కూర్చుంది, చాలాసేపు కపిలనే చూసింది. నన్ను మాత్రం బడి సంగతి ఒక్క మాటైనా అడగలేదు. అడిగితే చెప్పడానికి కూడబెట్టుకున్న జవాబులన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి.

కాసేపటికి లేచి, మోకు మీద తానూ కూర్చుంటానంది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని కూర్చుంది. ఎద్దులు కదలగానే “అయ్యో, అయ్యో” అని అరుస్తూ, నవ్వుతూ కిందిదాకా వచ్చింది. ఆమె బరువుకు బాన ఎప్పటికంటే చురుగ్గా లేచింది. వాలు కింద ఎద్దులు ఆగాయి. నీళ్లు కాలువలో పడ్డాయి. అప్పుడు ఆమె నా వైపు తిరిగి, “సరే పాపా, ఇంకో బాన తోడు” అంది.

నేను ఎద్దులను వెనక్కి అదిలించబోయాను.

“వెనక్కి వద్దు. ఈడనుంచే తోడు.”

“ఈడనుంచి ఎట్లొస్తుంది టీచర్? పైకి పోతేనే కదా మళ్లీ దిగేది!”

“వెనక్కి పోయేటప్పుడు చుక్క నీళ్లు రావడం లేదే. అది దండగ నడక కదా?”

నాకు కోపం వచ్చింది. మా ఎద్దుల నడకను దండగ అంటే ఊరుకుంటానా? అవి అంత కష్టపడి వెనక్కి ఎక్కుతాయి కాబట్టే దిగేటప్పుడు వాటి బరువంతా మోకు మీద పడుతుందని, ఎక్కకపోతే దిగడమనేదే ఉండదని, చేతులు తిప్పుతూ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మా తాత కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు. టీచరమ్మ ఓపికగా విని, నేను చెప్పినవాటికి ఒక్కొక్కటిగా పేర్లు పెట్టింది. బానను కిందికి గుంజేది భూమి ఆకర్షణ బలం. దానికి ఎదురు గుంజేది మోకులోని బలం. బాన పైకి లేస్తే పని జరిగినట్టు. ఎద్దులు వెనక్కి ఎక్కి కూడబెట్టుకున్నది స్థితిశక్తి. దిగేటప్పుడు అదే నీళ్లను పైకి తెస్తుంది. నేను తప్పిన పాఠమంతా ఆ బాటలోనే ఉంది.

“నువ్వూ ఇప్పుడు వాలు కిందనే నిలబడి ఉండావు పాపా. ఒకసారి వెనక్కి ఎక్కకుంటే నీకు నీళ్లు యాడనుంచి వస్తాయి?” అంది.

అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. “అందరూ నవ్వుతారు టీచర్” అన్నాను. పిల్లలు నవ్వుతారని ఆమెకూ తెలుసు. నవ్వరని అబద్ధం చెప్పకుండా నా తల నిమురుతూ ఉండిపోయింది.

మా తాత చెర్నాకోలను చంకలో ఇరికించుకున్నాడు. బూడిద రంగు మైల ఎద్దు వీపు మీద అరచెయ్యి ఆనించి, “వెనక్కి రా నాయనా, వెనక్కి” అన్నాడు. ఎద్దులు ఒక్కో అడుగే వెనక్కి వేశాయి. రోజూ చూసేదే గానీ ఆ రోజే గమనించాను. దిగేటప్పుడు చెర్నాకోల గాలిలో ఆడుతుంది. ఎక్కేటప్పుడు ఎప్పుడూ చంకలోనే ఉంటుంది.

గట్టు మీదికి చేరాక నాతో అన్నాడు. “దిగేటప్పుడు ఒక మాట అదిలించవచ్చు. వెనక్కి ఎక్కేటప్పుడు మాత్రం దాన్ని కొట్టగూడదమ్మా. దానికి వెనకాల ఏముండాదో కనపడదు. మన చెయ్యి నమ్ముకుని అడుగేస్తుంది. అప్పుడు కొట్టేవాడికి, నవ్వేవాడికి ఎద్దును తోలేది తెలీదని అర్థం.”

ఆ సాయంత్రం తాత మా నాయనతో, “పాప బడికి పోతుంది. మోకు మీద నేను కూచుంటాను, నువ్వు తోలుకో” అన్నాడు. మా నాయన ఎదురు చెప్పలేదు. మరునాడు తాతే నన్ను బడికి తీసుకెళ్లాడు. గేటు దాకా నా వీపు మీద చెయ్యి తీయలేదు. తరగతిలో కొందరు నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది కూడా. కానీ ఆ చెయ్యి వెచ్చదనం ఇంకా వీపు మీద ఉన్నట్టే ఉండడంతో, పోయి నా చోట కూర్చున్నాను. టీచరమ్మ చలనం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

కపిలలు పోయాయి, మా బావి పూడిపోయింది, తాత, టీచరమ్మ ఇద్దరూ లేరు. ఇప్పుడు నేను హోసూరులో కొడుకు దగ్గర ఉంటున్నాను. మనవరాలు ప్లస్ టూ చదువుతోంది. మొన్న ఫిజిక్సులో తప్పింది. ట్యూషన్ చెప్పే అమ్మాయి, పునాది సరిగా లేదని, తొమ్మిదో తరగతి పుస్తకం నుంచి మళ్లీ చదవమంది. మా వాడు ఆఫీసు నుంచి వచ్చి ఆ పుస్తకం చూసి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. “ప్లస్ టూ పిల్ల తొమ్మిదో క్లాసు పుస్తకం పట్టుకుని కూచుంటే నలుగురూ ఏమనుకుంటారు?” అన్నాడు. పిల్ల తల వంచుకుని పుస్తకాన్ని దిండు కిందికి తోసేసింది.

“నువ్వు పోయి కాళ్లు కడుక్కో అప్పా. వెనక్కి ఎక్కేటప్పుడు కొట్టగూడదు” అని మా వాడితో అన్నాను. వాడు పుట్టేసరికి మా చేనిలో మోటారు వచ్చేసింది, పాపం, వాడికేం తెలుస్తుంది? అయినా నా ముఖం చూసి గొంతు తగ్గించి వెళ్లిపోయాడు.

నేను దిండు కింది నుంచి పుస్తకం తీసి, మొదటి పాఠం తెరిచి, మనవరాలి ఒళ్లో పెట్టాను. చలనం. పక్కనే కూర్చుని దాని వీపు మీద చెయ్యి ఆనించాను. అది చాలాసేపు బిగుసుకునే ఉంది. తరువాత మెల్లగా చదవడం మొదలుపెట్టింది.

“వెనక్కి రా నా తల్లీ, వెనక్కి” అన్నాను.