వల్పరైసోలో పొయ్యి ఆర్పేసిన నూకాలు

విశాఖపట్నంలో మద్దిలపాలెం బస్సు డిపో వెనక సందులో నూకాలు కర్రీ పాయింటు తెలియనివాళ్లు తక్కువ. ఆమె జాలారిపేటలో పుట్టింది. తండ్రి సూరన్న తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. మొగుడు పోయాక నూకాలు గరిటె పట్టింది. పులుసు ఎంత ఘాటో నోరూ అంత ఘాటని కూర కొనుక్కెళ్లేవాళ్లు నవ్వుకుంటారు.

ఆ సందు చివరే గురునాథరావు ఆఫీసు. తెలుగువాళ్లని గుంపుగా విదేశాలు తిప్పుకురావడం ఆయన వ్యాపారం. దక్షిణ అమెరికా టూరుకి కుదుర్చుకున్న వంటమనిషి ఆఖర్లో మానేస్తే, నూకాలు దగ్గరికొచ్చాడు.

"టిఫినూ, రాత్రి భోజనమూ చేసి పెట్టు చాలు. మిగతా పొద్దంతా అందరితో పాటు నువ్వూ చూడొచ్చు. చిలీ అంటే సముద్రం, ద్రాక్షతోటలు. నీ జన్మలో మళ్లీ చూస్తావా?"

ఆ చివరి మాటకే ఆమె ఒప్పుకుంది. సముద్రం పక్కనే పుట్టిన మనిషికి, భూమికి ఆ కొసనున్న సముద్రం ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

చిలీలోని వల్పరైసో, కొండల మీద కట్టిన రేవు ఊరు. టూరువాళ్లకి కొండ మీద ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి రేకు గోడ. ఓడల కూతలు వినిపించేవి గానీ ఓడ కనిపించేది కాదు. పొద్దున్నే అందరూ ఇడ్లీలు తిని, పులిహోర పొట్లాలు కట్టించుకుని, నూకాలుని వదిలి వెళ్లిపోయేవారు. సాయంత్రం రాగానే పకోడీలు అడిగేవారు. బ్యాంకు మేనేజరుగా రిటైరైన రమణమూర్తి ఫోను తెచ్చి, "చూశావా నూకాలూ, ఎంత బాగుందో!" అని ఫోటోలు చూపించేవాడు. ఆమె సెనగపిండి చేతులు దూరంగా పెట్టుకుని చూసేది.

ద్రాక్షతోటల రోజు భోజనం అక్కడే కాబట్టి ఆమెనీ తీసుకెళ్తానని గురునాథరావు ముందే మాటిచ్చాడు. నూకాలు దాచుకున్న ఆకుపచ్చ చీర కట్టుకుని, పైన స్వెట్టరు తొడుక్కుని వ్యానులో వెనక సీట్లో కూర్చుంది. వ్యాను కదలబోతుండగా గురునాథరావు వెనక్కి తిరిగాడు.

"నూకాలూ, నువ్వు దిగు. వచ్చేటప్పుడు వైన్ సీసాల పెట్టెలు పెట్టుకోవాలి, చోటు చాలదు. సాయంత్రానికి గారెలు చేసి ఉంచు."

రమణమూర్తి మొహం తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. నూకాలు దిగింది.

ఇంట్లోకి వెళ్లి అలవాటు కొద్దీ పొయ్యి మీద నీళ్లు పెట్టింది. అవి మరగకముందే పొయ్యి ఆర్పేసింది. గారెలకని నానబోసిన మినప్పప్పుని అలాగే వదిలేసి, తలుపేసి, కొండ దిగడం మొదలుపెట్టింది. దిగినకొద్దీ చేపల వాసన తగిలింది. ఇంకెవర్నీ దారి అడగాల్సిన పని లేకపోయింది.

రంగులేసిన పడవల్ని ఒడ్డుకి లాగి పెట్టారు. ఆడవాళ్లు చేపలు కోస్తున్నారు. నూకాలు నీళ్లలో కాలు పెట్టి, మంచులా కొరికేసరికి ఎగిరి వెనక్కి దూకింది. అది చూసి చేపలమ్మే ఒక ముసలమ్మ పడి పడి నవ్వింది. పిలిచి బల్ల మీద కూర్చోబెట్టి, వేయించిన చేప కాగితంలో పెట్టిచ్చింది. ఉప్పు తక్కువైందని నూకాలు తెలుగులో చెబితే, ఆమె తన భాషలో ఏదో తిట్టింది. ఇద్దరూ మళ్లీ నవ్వుకున్నారు.

నూకాలు తిరిగొచ్చేసరికి టూరువాళ్లు ఆకలితో కూర్చున్నారు.

"గారెలేవీ? ఎక్కడ తిరుగుతున్నావు?" గురునాథరావు అరిచాడు.

"సీసాలు తెచ్చుకున్నారు కదా, తాగండి."

"నోరు అదుపులో పెట్టుకో. నిన్ను విమానం ఎక్కించి ఇంత దూరం తెచ్చింది నేను!"

"తెచ్చినావు. తెచ్చి ఏటి సూపించినావు? గోడ సూపించినావు. మా విశాపట్నంలో గోడల్లేవేటి? సీసాలకి సోటుంది గానీ మనిసికి లేదేటి బాబూ? నాను మనిసినా, సంచీనా?"

రమణమూర్తి మధ్యలోకొచ్చాడు. "పోనీలే నూకాలూ, ఇప్పుడు కాస్త అన్నం పడెయ్యి. రేపు చూద్దువు గానీ."

ఆమె అటు తిరిగింది. "తమరు పొద్దున కిటికీలోంచి ఎటు సూసినారు బాబూ? ఈ మాట అప్పుడనుంటే ఇంత గొడవే లేదు. నాను తోట సూసొచ్చినాకే ఈ పొయ్యి ఎలుగుతాది." గదిలోకెళ్లి గడియ పెట్టుకుంది. ఆ పూట అందరూ రొట్టెల్లో ఆవకాయ పెట్టుకుని తిన్నారు.

మర్నాడు ఆమెకి వ్యానులో ముందు సీటు దొరికింది. జాలిపడి కాదు, ఆకలికి తాళలేక. లోయంతా వరసలు వరసలుగా భుజమెత్తు ద్రాక్ష తీగలు. తలకి గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్లు వంగి గుత్తులు కోస్తున్నారు. అందులో ఒకామె చేతినిండా పళ్లిచ్చింది. చిన్నవి, గింజలున్నవి, తేనెలా ఉన్నాయి. వైను మాత్రం నోట్లో పోసుకోగానే వగరు తగిలి ఉమ్మేసింది. అంతా చాలా బాగుంది. బాగున్నకొద్దీ ఆమె కోపం పెరిగింది. పక్కనే ఉన్నదాన్ని చూడ్డానికి ఇంత రభస చేయాలా!

ఆ రాత్రికి వంట చేసింది. కోపం కూరలో చూపించే అలవాటు ఆమెకి లేదు.

ఊరికొచ్చాక, నూకాలు అక్కడ వైను తాగి గొడవ చేసిందని గురునాథరావు చెబుతున్నట్టు డిపో కండక్టరు చలమయ్య కబురు మోసుకొచ్చాడు. మధ్యాహ్నం బేరం వదిలేసి, షట్టరు దించి, ఆమె నేరుగా ఆఫీసుకి వెళ్లింది. గురునాథరావు ఎదురుగా ఎవరో దంపతులు కొత్త టూరు గురించి అడుగుతున్నారు.

"ఏటి బాబూ, నాను తాగినానా?"

"తర్వాత మాట్లాడుకుందాం నూకాలూ..."

"తరవాత లేదు. ఈళ్ల ముందరే సెప్పు."

అతను గొణిగాడు. "తాగలేదు."

"గట్టిగా."

"తాగలేదమ్మా!"

"సీసాల కోసం నన్ను దింపేసినావని కూడా సెప్పు."

అతను బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. దంపతులు ఒకరి మొహాలొకరు చూసుకుని లేచి వెళ్లిపోయారు. నూకాలు కాసేపు నిలబడి చూసింది. ఆ మాట మాత్రం అతని నోట రాలేదు, ఇప్పటికీ రాలేదు.

కోపం తగ్గిందా అని చలమయ్య అప్పుడప్పుడు అడుగుతుంటాడు.

"ఎందుకు తగ్గాల?" అంటుంది నూకాలు, కూర పొట్లానికి ముడేస్తూ.