ముందు వరుసలో పెద్దమ్మ

అమీర్‌పేటలో ఓ బట్టల షాపు పైన చిన్న హాలుండేది. ఆదివారం సాయంత్రాలు అక్కడ ఎవరైనా స్టేజీ ఎక్కి పాత సినిమా పాటలు పాడుకోవచ్చు. బల్కంపేటలో బ్లౌజులు కుట్టే పెద్దమ్మ ఒకావిడ వచ్చి ముందు వరుసలో కూర్చునేది. తను మాత్రం ఎప్పుడూ పాడలేదు. ఎవరైనా చరణం మధ్యలో మాట మరిచిపోయి తడబడితే చాలు, గట్టిగా చప్పట్లు మొదలుపెట్టేది. ఆవిణ్ణి చూసి హాలంతా కొట్టేది. ఆ హోరులో పాడేవాడు పోయిన మాట వెతుక్కుని మళ్లీ అందుకునేవాడు. నేను కాకినాడ నుంచి ఉద్యోగానికొచ్చిన కొత్తలో పాడిన మొదటి పాట అలాగే గట్టెక్కింది.

మొన్న ఆ బిల్డింగు అమ్మేశారు. కూలగొట్టి షోరూము కడతారట. ఆఖరి ఆదివారం కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూడా నిలబడ్డారు. చివరి పాట నాకిచ్చారు. రెండో చరణంలో ఏడుపొచ్చి ఆగిపోయాను. సంగీతం తన దారిన తాను పోతోంది. పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఇంకెవరూ కొట్టలేదు. కళ్లు తుడుచుకుని మిగిలింది ఎలాగో పాడాను.

కిందికి దిగాక అడిగాను. "ఏంటి పెద్దమ్మా, ఈసారి నన్ను వదిలేశారు?"

"మరిచిపోతే కొడతా బిడ్డా. నువ్వు ఏడుస్తుంటివి. ఏడ్చెటోళ్లను జర ఏడ్వనియ్యాలె గద," అంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "నేను సుత గదే పనిల ఉన్న. ఇగ నడువు, బజ్జీలు తిందాం" అంటూ నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.