పురుగుల ఇంటి గడప

మా చెల్లెలి అత్తను నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

బైరకూరులో వాళ్లది పట్టుపురుగుల సేద్యం. పురుగుల ఇంట్లోకి వాసన వచ్చేదేదీ పోకూడదు. పూలు, అగరొత్తి, బీడీ, అన్నీ బయటే. ఉబ్బసం ఉన్న మా చెల్లెలి ఇన్‌హేలర్‌ను కూడా ఆమె వాటిలో చేర్చింది. చెప్పులు విడిచే చోట, కిటికీ గట్టు మీద ఉండేది ఆ నీలం డబ్బా.

నేను బంగారు గనుల ఊరైన మా చాంపియన్ రీఫ్స్ నుంచి వెళ్లిన పొద్దున పురుగులకు నాలుగో జ్వరం. మేత మాని పొర విడిచే దశను అక్కడ అలా అంటారు. తడి ఆరడానికి సున్నం పొడి చల్లుతారు. చల్లుతున్నది చెల్లెలు. వాకిట్లో ఉన్న నాకు మొదట దగ్గు వినిపించింది, తర్వాత ఈల లాంటి ఊపిరి, తర్వాత ఏమీ లేదు. ఈల ఆగిపోతేనే ఎక్కువ భయపడాలని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు.

డబ్బా తీసుకుని పరుగెత్తాను. అత్త గడపకు అడ్డంగా నిలబడింది.

"ఆ సెంటు లోపలికి వద్దప్పా. పురుగు చచ్చిపోతాది."

"నా చెల్లెలు చచ్చిపోతాది. జరుగమ్మా."

"తనే వస్తాది బయటికి. ఎప్పుడూ అంతే కదా."

ఆమెను తోసేశాను. చెల్లెలు తట్టల స్టాండు పట్టుకుని వంగి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. మందు పీల్పించి ఆటోలో ముళబాగిలు ఆసుపత్రికి తీసుకుపోయాను.

ఊపిరి కుదుటపడ్డాక డాక్టరు రోజూ పీల్చే రెండో మందు గురించి అడిగాడు. చెల్లెలు నా వైపు చూసింది.

"బీరువాలో ఉండాది అన్నా. రోజూ పీలిస్తే అలవాటైపోతాదని అత్త పెట్టేసింది."

సాయంత్రం తిరిగి వచ్చేసరికి అత్త మాట సిద్ధంగా పెట్టుకుంది.

"మీ గనుల దుమ్ము పుట్టింటి నుంచే తెచ్చుకునింది. మా సున్నం మీద పెట్టద్దప్పా."

మా ఊళ్లో గాలి తిరిగితే, బంగారం తీశాక పోసిన సైనైడ్ దిబ్బల పొడి మా అన్నం పళ్లేల్లో పడేది. ఆమె మాటలో సగం నిజం ఉంది. అందుకే ఎక్కువ మండింది. నేను నోరు తెరిచేలోపు చెల్లెలే బదులిచ్చింది. నీలం డబ్బాకు దారం కట్టి మెడలో వేసుకుంటూ అంది.

"ఇది బయట ఉంటే నేనూ బయటే అత్తా. ఇంగ సున్నం నువ్వే చల్లుకో."

ఆ పంటంతా పురుగుల ఇంట్లో కూడా డబ్బా చెల్లెలి మెడలోనే ఉంది. బీరువాలోని మందు కూడా ఆమె చేతికే వచ్చింది. పురుగులు చావలేదు, పట్టుగూళ్లు బాగా పడ్డాయి.

"ఈ తూరి పురుగు గట్టిది" అని అత్త ఊరంతా చెప్పుకుంది.