నాలుగు రోజుల నడుము నొప్పి

పొద్దున నన్ను అల్లూరు నుంచి మొదటి బస్సులో నెల్లూరు ఆసుపత్రికి తీసుకొచ్చినారు. నాకు నెల తప్పి రెండు నెలలు దాటింది. నాలుగు రోజులుగా నడుము నొప్పి అంటుంటే, నాట్లలో వంగినందుకేనని మా అత్త ఆముదం రాసింది. నిన్న రక్తం కనబడినా, చెప్పడానికి సిగ్గుపడినాను. రాత్రికి ఎక్కువైనాకనే మా అత్తకు చెప్పినాను.

బిడ్డ నిలవలేదని డాక్టరమ్మ చెప్పింది. "ఉత్త నడుము నొప్పి చాలామందికి ఉండేదే. రక్తం కనబడితే మాత్రం ఆ పూటే రావాలమ్మా," అనింది.

"నిన్ననే వచ్చుంటే నిలిచేదా?" అని అడిగినాను.

"చెప్పలేనమ్మా."

మా అత్త మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఆమె తెచ్చిన ఇడ్లీలు రెండూ తిన్నాను.

ఇందాక ఎదురు మంచం ఆమె "ఎన్నో నెల?" అని అడిగితే, మూడో నెల అనే చెప్పినాను. మీరైతే ఏం చెప్పేవాళ్లు?